బొమ్మరథం చక్రం

ఏడేళ్లు మట్టి తవ్వించిన పురావస్తు శాఖాయనకు చివరికి దొరికింది అరంగుళం వస్తువు. తుప్పుపట్టిన రెండు గుండ్రటి బిళ్లలు, వాటి నడుమ గొట్టం, చుట్టూ ఆరు చిల్లులు. రెండు వేల ఏళ్లనాటి బొమ్మరథం చక్రమని పెద్ద వ్యాసం రాశాడు. పొద్దున్నే పంపాలి.

"చూడవే, మీ పుట్టింటివాళ్లు కలలో కూడా చూసుండరు," అంటూ భోజనాల బల్ల మీద పెట్టాడు.

పుట్టింటి మాట ఎత్తితే ఊరుకునే మనిషి కాదు ఆవిడ. అయినా ఈసారి దాన్నే తేరిపార చూసి వెళ్లి, కుట్టుమిషను సొరుగులోంచి బాబిన్ తెచ్చి దాని పక్కన పెట్టింది. దీనికి దారం ఉంది, దానికి లేదు. అంతే తేడా.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పదిమంది పండితులు చూశారే!"

"వాళ్లలో ఒక్కరికీ కుట్టుపని రాదన్నమాట. పోనీ, పైనుంచి జారిపడిందేమో?"

"పైనంతా రెండడుగుల గట్టి మట్టి, జారే సందే లేదు. అంటే ఎవరో ముందే తవ్వి పూడ్చేశారు. ఇక ఆ పొరలో దొరికినవేవీ పనికిరావు."

"అన్నీనా?"

"కుండలు, పూసలు, ఎముకలు. నేనూ. వచ్చే నెలే కదా రిటైర్మెంటు."

తన మాట తప్పని తేలితే బాగుండునని ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ కోరుకోవడం అదే మొదటిసారి.

"కాదని చెప్పవే," అన్నాడాయన, చిన్నపిల్లాడిలా.

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది గానీ, ఆ ఒక్క మాటా అనలేకపోయింది.