పడవను పట్టుకున్నవాడు

మస్తాన్‌కు ఈత అంతంత మాత్రమే. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి ఈత సరిగా రాకపోవడమంటే, ముత్తుకూరు పక్కన ఉన్న ఆ పల్లెలో చిన్న నామోషీ కాదు. చిన్నతనంలో జ్వరం వచ్చి ఒక చెవి పాడైంది. తల నీళ్ళలో మునిగితే కళ్ళు తిరిగేవి. అయితే వల వేయడంలో గానీ, ఇంజను బాగుచేయడంలో గానీ అతనికి ఎవరూ వంక పెట్టేవారు కాదు. అందుకే మేనమామ ముత్యాలయ్య అతన్ని తన ఫైబరు పడవలోకి పనికి తీసుకున్నాడు.

ముత్యాలయ్య కొడుకు సుధాకర్ పుట్టుకతోనే ఈతగాడిలా ఉండేవాడు. పందెం కట్టి అలలు దాటి వెళ్ళి, లంగరు వేసి ఉన్న పడవలను తాకి వచ్చేవాడు. మస్తాన్ చెల్లెలు స్వర్ణను చేసుకున్నది అతనే. వాళ్ళకు చిట్టి అని అప్పుడే నడక నేర్చిన కూతురు. పడవ మీద ముగ్గురే పోయేవారు: మామ, సుధాకర్, మస్తాన్.

ఆ ఏడు వానలకు ముందు తుఫాను షెల్టరులో జాలర్లకు శిక్షణ పెట్టారు. నేవీలో చేసి వచ్చిన ఒకాయన మాట్లాడాడు.

"సముద్రంలో పడవ బోల్తా పడితే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"ఈదుకుంటా ఇంటికొచ్చేస్తాం సార్," అన్నాడు సుధాకర్. అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. "ఈ పడవల్లో ఫోము నింపి ఉంటుంది. తిరగబడినా మునగవు. పడవను మాత్రం వదలొద్దు. ఒడ్డు కంటికి కనిపించినంత దగ్గరగా ఉండదు. వెతకడానికి వచ్చేవాళ్ళకు పడవ కనపడుతుంది, మనిషి తలకాయ కనపడదు. ఎంత ఈతగాడైనా సరే."

ఇంటికి వెళ్తూ సుధాకర్ మస్తాన్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఆయన నీ కోసమే చెప్పినాడు బావా. బాగా గుర్తు పెట్టుకో."

ఆ రోజు పడవకు మూడు లైఫ్ జాకెట్లు కూడా ఇచ్చారు. వేసుకుంటే వల లాగడానికి అడ్డమని ముత్యాలయ్య వాటిని టార్పాలిన్‌లో చుట్టి, పడవ ముందు భాగంలో గట్టిగా కట్టి పెట్టాడు. "అవసరం వచ్చినప్పుడు తీసుకుందాంలే," అన్నాడు.

కార్తీకం చివర్లో ఒక రోజు పొద్దెక్కాక తిరిగి వస్తున్నారు. కానాగంత చేపలు బాగా పడ్డాయి. తడి వలంతా ఒక పక్కనే కుప్పగా పడి ఉంది. పడవ ఆ పక్కకు ఒరిగి నడుస్తోంది.

"మామా, వల కొంచెం ఇటు జరుపుదాం. బరువంతా ఆ పక్కనే ఉండాది," అన్నాడు మస్తాన్.

"వచ్చేసినాం గదరా. ఇప్పుడు ఎవురు జరపతారు దాన్ని," అన్నాడు ముత్యాలయ్య.

కొంచెం దూరం వచ్చాక వల చెరగు నీళ్ళలోకి జారింది. పడవ వెనక తిరిగే పంకాకు చుట్టుకుంది. ఇంజను గుర్రుమని ఆగిపోయింది. అంతవరకూ అలల వెంట సాగుతున్న పడవ మెల్లగా అడ్డం తిరిగింది. మస్తాన్ కత్తి పట్టుకుని వెనక్కి వంగి తాడు కోస్తున్నాడు. ఒక అల వచ్చి పడవను సగం నింపింది. దాని వెనకే వచ్చిన అల పడవను తిరగేసింది.

ముగ్గురూ పైకి తేలారు. మస్తాన్ దగ్గుతూనే లంగరు తాడును బోర్లాపడిన పడవ మీదుగా విసిరాడు. ఆ తాడు పట్టుకుని ముగ్గురూ పడవను అంటిపెట్టుకున్నారు. సుధాకర్ పడవ కిందికి మునిగి జాకెట్ల కోసం వెతికాడు. తడిసిన ముడి బిగుసుకుపోయింది. కత్తి సముద్రంలో పోయింది. మళ్ళీ మునిగాడు. ఒట్టి చేతులతో, ముక్కులో నుంచి నీళ్ళు కారుతుండగా పైకి వచ్చాడు.

పడమర దిక్కున థర్మల్ స్టేషను పొగ గొట్టాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటి కింద ఒడ్డు సన్నటి గీతలా ఉంది. ఎంతసేపు చూసినా ఆ పక్క ఏ పడవా రాలేదు. ముత్యాలయ్యకు పళ్ళు కొట్టుకోసాగాయి.

"నేను పోతా. పోయి ఎవురినన్నా పిలుచుకొస్తా," అన్నాడు సుధాకర్.

"పోబాక బావా," అన్నాడు మస్తాన్. "నీళ్ళు దక్షిణానికి లాగతా ఉండాయి. ఇందాక ఆ గొట్టాలు మనకు ఎదురుగా ఉండె. ఇప్పుడు చూడు, ఎంత పక్కకు పోయినాయో. పడవను పట్టుకోనుంటే ఎవురో ఒకరు చూస్తారు."

"నీకు ఈత రాదని నన్ను గూడా ఈడనే చావమంటావా?"

మస్తాన్ అతని చొక్కా పట్టుకున్నాడు. సుధాకర్ విదిలించాడు. మస్తాన్ వదల్లేదు. తండ్రి మాటైతే సుధాకర్ వింటాడనుకుని మామ వైపు చూశాడు.

ముత్యాలయ్య తాడు వదలకుండానే దగ్గరికి జరిగి, చొక్కా మీద బిగిసి ఉన్న మస్తాన్ వేళ్ళను ఒక్కొక్కటే ఊడదీశాడు. "వాడిని ఒదులు. నీ భయం వాడికి అంటించబాక," అన్నాడు. తర్వాత కొడుకుతో, "పోరా అబ్బయ్యా. నువ్వు పోగలవు," అన్నాడు.

సుధాకర్ ఈదుకుంటూ పోయాడు. చాలా బాగా ఈదాడు. ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. అలల మధ్య తల కనిపిస్తూ, మాయమవుతూ, మళ్ళీ కనిపిస్తూ, ఇక కనిపించలేదు. అతను నేరుగా పడమరకే చేతులు వేస్తున్నాడు, నీళ్ళు మాత్రం అతన్ని దక్షిణానికి తీసుకుపోతున్నాయి. అది మస్తాన్‌కు కనిపించింది. ముత్యాలయ్యకూ కనిపించి ఉంటుంది.

ఎండ వాలుతుండగా వేరే ఊరి పడవ ఒకటి అటు వచ్చింది. బోర్లాపడిన పడవ అడుగున ఉన్న నారింజ రంగు చూసి వచ్చామని చెప్పారు వాళ్ళు. పైకి లాగగానే ముత్యాలయ్య అడిగిన మొదటి మాట, "మావాడు ఒడ్డుకు చేరినాడా?"

సుధాకర్ శవం దక్షిణాన చాలా దూరంలో, సరుగుడు తోపుల పక్కన ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఊళ్ళో అతని ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. తోటివారి కోసం ప్రాణాలిచ్చిన వీరుడు అని రాయించారు. మొదట్లో అది మస్తాన్‌కూ సబబుగానే అనిపించింది. మెల్లమెల్లగా మాటలు మారాయి. ఈత రానివాడు పడవను పట్టుకుని కూర్చుంటే ఈత వచ్చినవాడు పోవాల్సి వచ్చిందన్నారు. బావ పోతుంటే చూస్తూ ఉండిపోయాడన్నారు. సుధాకర్ తల్లి కామమ్మ అతన్ని చూస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్క సందులోకి తిరిగేది. స్వర్ణ మాట్లాడటమే మానేసింది.

ముత్యాలయ్య ఏమీ అనలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తల వంచుకుని వినేవాడు. కొడుకు పోయిన మనిషి, ఆయనే ఒకరోజు చెప్తాడులే అని మస్తాన్ ఊరుకున్నాడు.

ఎండలు ముదిరాక ఆ నేవీ ఆయన మళ్ళీ శిక్షణ ఇవ్వడానికి వచ్చాడు. మస్తాన్ షెల్టరు గుమ్మం పక్కన నిలబడ్డాడు. పడవను వదలొద్దని ఆయన చెప్పబోతుంటే కామమ్మ లేచింది.

"పడవను పట్టుకున్నోడు బతికినాడు సార్. మావోడు మగోడు గాబట్టి ఒదిలిపెట్టి పోయినాడు. పట్టుకోని ఉండమని ఇంకోసారి మా పిల్లకాయలకు చెప్పబాకండి."

జనం అవునన్నారు. మస్తాన్ మామ వైపు చూశాడు. ముత్యాలయ్య ముందు వరసలోనే ఉన్నాడు. మేనల్లుడి చూపు తగలగానే తల తిప్పుకుని, బీడీ వెలిగించుకునే నెపంతో బయటికి వెళ్ళిపోయాడు.

ఇక ఊరుకోవడం మస్తాన్ వల్ల కాలేదు. మరునాడు మధ్యాహ్నం అత్తా మామా ఇంట్లో లేని సమయం చూసి చెల్లెలి దగ్గరికి పోయాడు. స్వర్ణ వాకిట్లో పట్ట మీద ఎండుచేపలు తిరగేస్తోంది. చిట్టి "మామా" అంటూ పరుగెత్తుకు వచ్చింది.

"చిట్టీ, లోపలికి పో," అంది స్వర్ణ. పిల్ల ఆగిపోయి, వెనక్కి తిరిగింది.

"స్వర్ణా, ఒక్క మాట చెప్పి పోతా. ఆ రోజు నేను వాడిని ఒదల్లేదు. చొక్కా పట్టుకున్నా. మామే..."

"తెలుసు."

మస్తాన్ పట్ట పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దకర్మ నాడు మామ తాగొచ్చి నా కాళ్ళ దగ్గర పడి ఏడ్చినాడు. నేనే పంపినానమ్మా అన్నాడు. నీ వేళ్ళు ఊడదీసినానని గూడా చెప్పినాడు," అంది, చేతిలోని చేప మీది ఇసుక దులుపుతూ.

"అప్పటి నుంచి తెలుసా నీకు? ఊరంతా నన్ను అంటా ఉంటే వింటా ఉండావా?"

"ఏం చెయ్యమంటావు? చెప్తే అత్త ఆయన్ను బతకనిస్తాదా? ఆయన మాత్రం బతకతాడా? నేను, నా బిడ్డ ఈ ఇంట్లోనే ఉండాలి గదన్నా. ఆయన మీద కోపం పెట్టుకుని ఆయన తెచ్చిన కూడు ఎట్టా తినేది? నీ మీదయితే పెట్టుకోవచ్చు. నువ్వు వేరే ఇంట్లో ఉండావు."

"నేనేం తప్పు చేసినా?"

"తప్పు చేసినావని కాదు. బతికొచ్చినావు."

కాకి ఒకటి పట్ట మీద వాలబోతే స్వర్ణ చేత్తో తోలింది.

"పైకి అట్టా ఉండావుగానీ, నీ మనసులో నా మీద కోపం లేదు గదా?" అన్నాడు మస్తాన్. అతని గొంతు బతిమాలుతున్నట్టుగా ఉంది.

స్వర్ణ మొదటిసారి తల ఎత్తి అన్న ముఖంలోకి చూసింది. "ఉండాది. అది గూడా నిజమే. ఇంకొంచెం గట్టిగా పట్టుకోని ఉంటే ఏమయ్యుండేదో అని పొద్దస్తమానం అనుకుంటానే ఉండా. ఇంక పో. అత్త వచ్చే యాళయింది."

ఆ నెలలోనే మస్తాన్ ఊరు వదిలాడు. అల్లూరు వైపు తీరంలో ఒకరి పడవలో పనికి కుదిరాడు. అక్కడి వాళ్ళకు అతని సంగతి తెలియదు. అతనూ చెప్పలేదు.

ముత్యాలయ్య పడవ బాగుచేయించి మళ్ళీ సముద్రం మీదికి పోతున్నాడని, ఇద్దరు కుర్రవాళ్ళను పెట్టుకున్నాడని, ఇద్దరూ మంచి ఈతగాళ్ళని చేపల వ్యాపారి ఒకతను చెప్పాడు. చిట్టికి చెవులు కుట్టించారని చెప్పింది కూడా అతనే. మేనమామగా మస్తాన్ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. కామమ్మ తమ్ముడి ఒళ్ళో కూర్చోబెట్టి కానిచ్చారట.

"పిల్ల ఏడ్చిందా?" అని అడిగాడు మస్తాన్.

"ఏమో, నేను చూడలా," అన్నాడు వ్యాపారి, ఐసు పెట్టె మూత వేస్తూ.