ఇరవై ఏడున్నర సైజు

తోలు సాగుతుంది, మొదటిరోజు కరవని బూటు నెల తిరిగేసరికి పడవైపోతుంది, అని మా నాన్న అనేవాడు, లెయోన్‌లో ఏ నాన్నయినా అదే అంటాడు, ఈ ఊళ్ళో సగం మంది తోళ్ళు పదును చేస్తారు, తక్కిన సగం వాటిని కోసి కుడతారు, కొట్టుకి వెళితే ధర అడక్కముందే బూటు తిరగేసి వాసన చూస్తారు, అందుకే మా ఆయన తోరిబియో, దోన్ చెమా బూట్ల కొట్లో బల్ల మీద దొరలా కాలు చాపుకుని, నాకెప్పుడూ ఇరవై ఏడే, అదే తియ్యి, అంటున్నాడు, నేను చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను, వీధిలో ఎవరో వేయించిన పంది చర్మం రొట్టెలో కూరి అమ్ముతున్నారు, ఆ వాసనకి మా ఆయన తల అటు తిప్పాడు, వద్దు, అన్నాను, నేనేమన్నాను, అన్నాడు, ఏమీ అనలేదు, షుగరున్న మనిషి ముక్కే అంతా అనేస్తుంది, సోమవారం నుంచి ఈయన పనిచేసే పచ్చితోళ్ళ గోదాములో, ముందు ఉక్కు రేకు లేని బూట్లతో వచ్చినవాణ్ణి గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారట, కొత్తగా వచ్చిన ఇంజనీరు గోడకి కాగితం అంటించాడు, ఇన్నాళ్ళూ పాత మెత్తని బూట్లతో లాక్కొచ్చాం, వాటి లోపల ఎక్కడ కుట్టు తేలినా నేనే గుడ్డ పెట్టి కుట్టేదాన్ని, ఇక వాటి కాలం తీరింది.

దోన్ చెమా పెట్టె మూత తీశాడు, నల్లటి బూటు, కుట్లు ఫరవాలేదు, మడమ దగ్గర ఒక కుట్టు తప్పింది, మా నాన్నయితే దాన్ని బల్ల మీంచి కిందకి తోసేసేవాడు, ఆయన పని చెక్క అచ్చు మీద తడితోలు లాగి మేకులు కొట్టడం, పళ్ళమధ్య మేకులు పెట్టుకునుండగానే నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు, నేను బూటు ముందుభాగం బొటనవేలితో నొక్కాను, నొక్కుడు పడలేదు, ఇనుము, ఇది సాగదు కదా దోన్ చెమా, అన్నాను, సాగుతుంది వదినా, తోలు కదా, అన్నాడు ఆయన, తోలు సాగుతుంది, లోపలి ఉక్కు సాగదు కదా, అన్నాను, ఆయన నవ్వి, చూశావా తోరిబియో అన్నా, కాలేజీ చదివిన భార్యని కొట్టుకి తీసుకొస్తే ఇంతే, అన్నాడు, ఏం చేస్తాం, పెళ్ళిలో గిన్నెలిస్తారనుకున్నా, నిఘంటువు ఇచ్చారు, అన్నాడు మా ఆయన, ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే ఎర్నాన్ గుర్తొచ్చాడు, మా ఆయన అన్న, ఆయనకీ షుగరే, ఆయనకీ ఒక బూటుతోనే మొదలైంది, చిటికెన వేలి పక్కన శనగగింజంత బొబ్బ, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాడు, నొప్పి లేదు కదా అని నేనూ అన్నాను ఆ రోజుల్లో, అందరం అన్నాం, ఇప్పుడు మోకాలి కింద ప్యాంటు మడిచి పిన్నీసు పెట్టుకుని వాకిట్లో కూర్చుని పోయేవాళ్ళని పలకరిస్తుంటాడు, నాకు ఒక కాలి చెప్పులు సగం ధరకి ఇప్పించండయ్యా, అని జోకులేస్తాడు, ఆ జోకుకి ఎవరూ నవ్వలేరు, ఆయనొక్కడే నవ్వుతాడు.

తొడుక్కున్నాడు, లేసులు కట్టుకున్నాడు, లేచి కొట్టు ఆ చివరికి నడిచాడు, అద్దం ముందు ఆగి ప్యాంటు ఎత్తి చూసుకున్నాడు, అబ్బ, నా కోసమే కొలిచి కుట్టినట్టుంది చెమా, వేళ్ళు హాయిగా ఉన్నాయి, చుట్టేసెయ్, అన్నాడు, నేను, ఒకసారి ఇప్పు, అన్నాను, ఎందుకే, అన్నాడు, ఇప్పు, చూస్తాను, అని నేనే వంగి లేసు ఊడదీసి బూటు లాగాను, కొంచెం గట్టిగానే వచ్చింది, చెయ్యి లోపలికి పెట్టాను, కుట్టు ఎక్కడైనా పొడుస్తుందేమో అని వేళ్ళతో తడుముకుంటూ ముందుకి వెళ్ళాను, వేలికి కాగితం తగిలింది, ఉండచుట్టి కుక్కిన గోధుమరంగు కాగితం, బూటు ఆకారం పోకుండా ఫ్యాక్టరీలో పెట్టేది, నిమ్మకాయంత, వేళ్ళ దగ్గర నలిగి అణిగిపోయి, ఒకవైపు బొటనవేలి గుంట స్పష్టంగా పడి ఉంది, నేను దాన్ని గుప్పిట్లోనే ఉంచుకున్నాను, గుప్పిట తీయలేదు, వేళ్ళు హాయిగా ఉన్నాయి అన్నాడు, ఆ మాట ఇంకా కొట్లోనే ఉన్నట్టుంది, హాయిగా, దోన్ చెమా అటు తిరిగి ఎవరికో నిచ్చెన మీంచి పెట్టె దించుతున్నాడు, చూడలేదు, మా ఆయన చూశాడు, నా గుప్పిట వంక చూశాడు, తర్వాత తన కాలి వంక చూసుకున్నాడు, ఎవరో పరాయి మనిషి కాలు తన ప్యాంటులోంచి బయటికి వచ్చినట్టు.

ఎప్పటినుంచి, అన్నాను మెల్లగా, ఏది, అన్నాడు, ఎప్పటినుంచి తోరిబియో, ఆయన మేజోడు పైకి లాక్కున్నాడు, కొంచెం మొద్దుబారిందంతే, చలికి, అన్నాడు, ఏప్రిల్ నెల ఎండ కొట్టు గుమ్మంలో తెల్లగా నిలబడి ఉంది, చలి అంటాడు, ఇక్కడ అనకు ఎలో, అని మెల్లగా నా పేరు పెట్టి పిలిచి, చెమా తమ్ముడు మా గోదాములోనే లెక్కలు రాస్తాడు, రేపటికల్లా ఇంజనీరు చెవిన పడుతుంది, కాలికి స్పర్శ లేనివాణ్ణి బండి ఎక్కనిస్తారా, అన్నాడు, ఎక్కనివ్వరు, ఆయన నడిపేది తోళ్ళ కట్టలు ఎత్తే ఫోర్క్‌లిఫ్టు, రెండు పెడళ్ళు, నేను అటువైపు ఆలోచన పోనివ్వలేదు, ముందు బూటు, ఒక్కొక్కటిగా, కానీ ఆలోచన నా మాట వింటుందా, మొన్న మెట్ల మీద ఒక చెప్పు వదిలేసి ఇంట్లోకి ఒక చెప్పుతో వచ్చాడు, మతిమరుపు అని నవ్వాను, స్నానానికి వేడినీళ్ళు పోసిస్తే ఇదివరకు కాలు ముంచి చూసుకునేవాడు, ఈమధ్య చెయ్యి ముంచుతున్నాడు, అదీ చూశాను, చూసి, పోనీలే, అలవాటు మార్చుకున్నాడు అనుకున్నాను, బియ్యంలో రాయి ఏరగలను, చొక్కా మీద నూనె చుక్క వీధి చివరి నుంచి పట్టగలను, మనిషి కాలు ఇంట్లోంచి వెళ్ళిపోతుంటే దారి ఇచ్చి పక్కకి నిలబడ్డాను.

ఏం వదినా, నచ్చలేదా, అంటూ దోన్ చెమా వచ్చాడు, ఇది బిగుతు, ఇంకో సైజు చూపించు, అన్నాను, ఇరవై ఎనిమిది తెచ్చాడు, తొడిగించి నడిపించాను, నేను ఆయన వెనక వంగి నడుస్తూ మడమ చూశాను, అడుగు అడుగుకీ మడమ పైకి లేస్తోంది, లేచి పడుతోంది, లేచినప్పుడల్లా ఒరుసుకుంటుంది, ఒరుసుకున్నచోట బొబ్బ లేస్తుంది, బొబ్బ లేచిన సంగతి ఎవరు చెప్తారు, కాలు చెప్పదు, ఎర్నాన్ వాకిలి కళ్ళముందు కదిలింది, ఎలా ఉంది, అని అడిగాడు దోన్ చెమా, బ్రహ్మాండం, అన్నాడు మా ఆయన, అదీ బ్రహ్మాండమే, ఇదీ బ్రహ్మాండమే, నీకు గుర్రపు నాడా కొట్టినా బ్రహ్మాండమే అంటావు అన్నా, నీలాంటి బేరం రోజుకొకటొస్తే నాకు కొట్టు రెండు అంతస్తులు లేస్తుంది, అన్నాడు దోన్ చెమా, ముందు భాగం వెడల్పు ఉన్నది లేదా, లోపల కుట్టు లేనిది, అన్నాను, వెడల్పు అచ్చువి ఉన్నాయి వదినా, చెప్తే వచ్చే నెలకి తెప్పిస్తా, అన్నాడు, వచ్చే నెల, సోమవారం నాడు గేటు దగ్గర నిలబడి, అయ్యా వచ్చే నెల దాకా ఆగండి అని ఎవరికి చెప్పను, ఊరంతా బూట్లే, ప్రతి వీధిలో కిటికీ నిండా బూట్లు, బొమ్మల బూట్లు, నర్తకుల బూట్లు, పాముతోలు బూట్లు, ఒక్క పాదానికి ఒక్క జత దొరకదు, ఇరవై ఏడున్నర ఉందా, అన్నాను, ఉండాలే, అని ఆయన మళ్ళీ నిచ్చెనెక్కాడు.

ముందు నేనే చూశాను, రెండు బూట్లలోనూ చెయ్యి దూర్చి, ఉక్కు రేకు అంచు లోపలి గుడ్డ కింద ఎక్కడ ఆగుతుందో గోటితో గీసి చూశాను, అంచు గట్టిగా, కత్తి వీపులా తగులుతోంది, ఆయన కాలివేళ్ళు సరిగ్గా వంగే చోట, కొంచెం అటో ఇటో, తెలియడం లేదు, నా చెయ్యి ఆయన పాదం కాదు, బూట్లు నువ్వు తొడుక్కుంటావా వదినా, ఆయనా, అన్నాడు దోన్ చెమా, ఆవిడే, అన్నాడు మా ఆయన వెంటనే, ఇంట్లో నేను తొడుక్కునేవన్నీ ఆవిడే తొడుక్కుంటుంది, నేను ఊరికే లోపల ఉంటాను, అన్నాడు, దోన్ చెమా పడీపడీ నవ్వాడు, నేను నేలమీద మోకాళ్ళూని కూర్చుని మేజోడు ముడత లేకుండా వేళ్ళ దాకా సర్ది, బూటు తొడిగాను, మడమ వెనక నా వేలు దూర్చాను, దూరింది, బిగుతుగా దూరింది, అది మంచిదో చెడ్డదో మా నాన్నని అడగాలి, ఆయన ఉన్నా ఏం చెప్పేవాడు, కరుస్తోందా అని అడిగేవాడు, ఆ ఒక్క ప్రశ్నే ఆయన విద్యంతా, కరుస్తోందా, ఎక్కడ కరుస్తోంది, అక్కడ కొంచెం తడిపి కొడదాం, బూటు కుట్టేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ, కొనేవాళ్ళూ అందరూ నిలబడి ఉన్నది ఆ ఒక్క జవాబు మీదే, ఆ జవాబు ఈ కాలు ఇవ్వదు.

లేచి నిలబడ్డాడు, ఈసారి నడవలేదు, అద్దం వైపు పోలేదు, అక్కడే నిలబడి కిందకి, నా వైపు చూశాడు, ముఖంలో జోకు లేదు, దోన్ చెమాకి వినపడనంత మెల్లగా, సరిపోయిందా ఎలో, అని అడిగాడు, నన్ను, తన బూటు తనకి సరిపోయిందా అని నన్ను, ఆ గొంతులో దాపరికం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు, నా రెండు చేతులూ ఆ బూటు చుట్టూ ఉన్నాయి, లోపల ఆయన వేళ్ళు ఉక్కు కింద ఎలా పడుకున్నాయో, ఏ వేలు ఏ వేలి మీదకి ఎక్కిందో, ఏమీ తెలియదు, పైన ఆయన కళ్ళు ఎదురుచూస్తున్నాయి, దోన్ చెమా పెట్టె మూత చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, సోమవారం ఎదురుచూస్తోంది, సరిపోయింది, అన్నాను, చక్కగా, నీ కోసమే కుట్టినట్టుంది, అన్నాను, ఆయన ముఖం తేటపడింది, హమ్మయ్య అనుకుని ఊపిరి వదిలాడు, నేను ఆ నేలమీదే ఉండిపోయాను, లేవబుద్ధి కాలేదు, ఇందాకటి దాకా నాతో అబద్ధం చెప్పాడనుకున్నాను, నెలల తరబడి దాచాడనుకున్నాను, లేదు, ఆయన చెప్పింది అబద్ధమూ కాదు, నిజమూ కాదు, ఎదురుగా ఎవరో అడుగుతున్నారు, లోపల ఏమీ తెలియడం లేదు, ఏదో ఒకటి చెప్పాలి కదా, చెప్పాడు, ఇప్పుడు నేను చెప్పినట్టే.