గీతకు పైన నీళ్లు

గాజుసీసాను తుడిచి, ఎర్రగీత ఇవతలికి కనబడేలా తిప్పి పెట్టాడు బడి ల్యాబు అటెండరు. ఆ గీత ఆయన గీసిందే. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన సీసా బోర్లిస్తే, మంట ఆరాక నీళ్లు ఆ గీతదాకా ఎక్కాలి. గాలిలో ప్రాణవాయువు అయిదోవంతు కదా, కాలిపోయింది అదేనని పాఠం. అంతవరకే ఎక్కించే కొవ్వొత్తిని ఆయన ముందే ఏరి ఉంచేవాడు. అందుకే పిల్లలకు ఆయన అయిదోవంతు తాత. ఆయన కడిగిన సీసాలన్నీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే చంద్రుడే కాస్త పక్కకు జరిగి దారివ్వాలి.

పొద్దున ఎడమచెయ్యి పిసుక్కుంటుంటే ఏమైందని భార్య అడిగింది. పెట్టెలు మోసిన నొప్పి అన్నాడు. ఛాతీ ఎందుకు రుద్దుకుంటున్నావంటే గ్యాసన్నాడు. డాక్టరు దగ్గరికి పొమ్మంటే ఆదివారం చూద్దామన్నాడు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న లేదు.

కొత్త సైన్సు టీచరు ఈ రోజు కొవ్వొత్తులు ఏరనివ్వలేదు. మూడు కలిపి వెలిగించమంది. నీళ్లు గీత దాటేశాయి. తప్పు కాజాలో బొత్తం పెట్టుకున్నట్టయింది ఆయనకు. సీసా తియ్యబోతే ఆవిడ వారించి, ఎందుకిలా అయిందో మీరే తేల్చుకోండని పిల్లలకు వదిలేసింది.

ప్రాణవాయువు ఎక్కువ కాలిందన్నాడు ముందు బెంచీ పిల్లాడు. ఉన్నదానికంటే ఎక్కువ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా, మీ ఇంటినుంచి తెచ్చావా అంది రెండుజడల పిల్ల. బోర్లించేటప్పుడు సీసా అంచు కింద బుడగలు పోవడం తను చూసిందట. వేడికి ఉబ్బిన గాలి కొంత బయటికి పోయింది, మిగిలింది చల్లారి ముడుచుకుంది, ఆ చోటికి నీళ్లు ఎక్కాయి అని దాని వాదన.

"బుడగలు నేనూ చూశాను. పట్టించుకోలేదు" అన్నాడు పిల్లాడు.

"ఎందుకని?" అంది టీచరు.

వాడు బుర్ర గోక్కున్నాడు. "జవాబు ముందే తెలుసు కదా మేడం."

నా సర్వీసంతా బుడగలు చూస్తూనే ఉన్నానమ్మా, గుడ్డతో తుడిచేశానంతే అన్నాడు అటెండరు. అందరూ నవ్వారు.

గంట కొట్టాక పిల్లలంతా వెళ్లిపోయారు. చెయ్యి మళ్లీ లాగింది. ఆయన స్టూలుమీద కూర్చుని, గ్యాసేనని నాకెలా తెలుసు అనుకున్నాడు. గ్యాసైతే చెయ్యెందుకు లాగుతుంది? నిన్న మోసిన పెట్టెలు ఖాళీవి.

"అమ్మా, ఆదివారం దాకా ఆగేట్టు లేదు. డాక్టరు దగ్గరికి పోవాలి" అన్నాడు. పుస్తకాలు సర్దుకుంటున్న టీచరు ఆయన ముఖం చూసి, కదలకండి, బండి పిలుస్తానని బయటికి పరుగెత్తింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి ఆయన తల బల్లమీద వాలి ఉంది, గీతను దగ్గరగా చూస్తున్నట్టు. పిలిచింది. భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వెనక్కి తీసుకుంది. బండివాడు గుమ్మంలోనే చెప్పులు విడిచాడు.

బల్లమీద తడిగుడ్డ మడత విప్పకుండానే ఉంది. సీసాలో నీళ్లు గీతకు పైనే నిలిచి ఉన్నాయి.