గీతలు లేని వేలు

మూడోసారి కూడా హాజరు మిషను ఒప్పుకోలేదు. ఆయన బొటనవేలు చొక్కాకి తుడుచుకుని, నోటితో వేడిగా ఊది, మళ్ళీ గాజు పలక మీద ఆనించాడు. ఎర్ర దీపమే వెలిగింది.

"గీతల బాబాయ్, వేలు నువ్వు అరగదీసుకుని మిషన్ని తిడితే ఎలా?" అన్నాడు వెనక నిలబడ్డ పెయింటరు.

"నేనెప్పుడు తిట్టానయ్యా?"

షెడ్డులో అందరికీ ఆయన గీతల బాబాయే. కార్ల చక్రాల చుట్టూ ఉండే నల్ల ప్లాస్టిక్ అంచుల మీద పడ్డ గీతలు మాయం చేయడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళు పరాయి బండ్ల గీతలు తుడిచి తుడిచి, తన వేళ్ళ మీద దేవుడు గీసినవి కూడా తుడిచేసుకున్నాడు.

మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. గీతల బాబాయ్ భార్యకి సొంత తమ్ముడే ఈ మేనేజరు. పన్నెండేళ్ళ కిందట పని లేక తిరుగుతుంటే, ఆయనే వెంటబెట్టుకొచ్చి ఈ విద్య నేర్పాడు.

"మిషను లెక్కలో నువ్వు లేవు బావా. ఉన్నావని రోజూ నేను రాయాలి. కొత్త అంచు పది నిమిషాల్లో బిగించొచ్చు, మీ బావ పూటంతా ఏం చేస్తాడని ఓనరు అడుగుతున్నాడు. ఇవాళ ఆ తెల్ల బండి చెయ్యి. మచ్చ లేకుండా వస్తే ఉంటావు. లేదంటే ఇంటికెళ్ళి అక్కకి నువ్వే చెప్పుకో."

"అలాగేలే" అన్నాడాయన.

తెల్ల బండి ఏ గోడకో ఒరుసుకున్నట్టుంది. వెనక చక్రం మీది అంచులో తెల్లగా నాలుగు గీతలు, అందులో ఒకటి లోతు. ఆయన అట్టముక్క పరుచుకుని కూర్చున్నాడు. సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, వేడిగాలి ఊదే హీట్ గన్‌ని జానెడు దూరంలో అటూ ఇటూ ఆడించాడు. వేడికి ప్లాస్టిక్ లోపలి నలుపు పైకి ఊరింది. మూడు గీతలు అందులో కలిసిపోయాయి. ఎన్నిసార్లు చూసినా ఆయనకి అది చిన్న మహిమలాగే ఉంటుంది.

లోతు గీతకి అది చాలదు. ప్లాస్టిక్‌ని మెత్తబరిచి, పైన గరుకు తోలుముక్క అదమాలి. తోలు గరుకు అచ్చుపడి, గీత మూసుకుపోతుంది. ఎంత మెత్తబడిందో తెలియడానికి ఎడమచేతి వేళ్ళు అంచు వెనక ఉంచుకోవాలి. "కంటిని నమ్మకు. వేలు అబ్బా అన్నప్పుడు ఆపు" అని బావమరిదికి నేర్పింది ఆయనే.

రెండేళ్ళుగా ఆయన వేళ్ళు ఏమీ అనడం లేదు. ఉడుకుతున్న గిన్నెని వట్టి చేతులతో దించి నింపాదిగా బల్ల మీద పెట్టిన రోజున భార్య బిత్తరపోయింది. "ఎవరితోనూ అననులెండి" అంది.

అప్పట్నుంచీ ఆయన లెక్క పెట్టుకుంటున్నాడు. దేవుడి పేరు ఇరవై ఒక్కసార్లు తలుచుకునేసరికి ప్లాస్టిక్ సరిగ్గా పాకానికొస్తుంది. ఒక్కనాడూ తప్పలేదు. వేళ్ళు తీసుకున్నవాడే దారీ చూపించాడనుకున్నాడు. అసలెందుకు తీసుకున్నట్టో మాత్రం అడగలేదు.

పన్నెండు. పదమూడు.

"పెదాలు కదుపుతున్నావు, ఎవరితో బావా?" వెనకే మేనేజరు.

ఆయన తల ఊపాడు. పద్నాలుగు.

"నిన్నే. నోట్లో ఏమన్నా ఉందా?"

"దేవుణ్ణి తలుచుకుంటున్నా."

"ఇది పాడైతే ఆయనొచ్చి కొత్తది బిగిస్తాడా?"

పెయింటరు పకపకా నవ్వాడు. మర్యాదకి ఆయనా నవ్వాడు. పద్నాలుగా, పద్దెనిమిదా? దేనికైనా మంచిదని పద్నాలుగు నుంచే మొదలుపెట్టాడు. ఆ లెక్క సంగతి మేనేజరుకి తెలిసే పలకరించాడో, తెలియకో, ఆ పైవాడికే తెలియాలి.

అంచు తళతళలాడి జారడం మొదలుపెట్టింది. ఆయన హీట్ గన్ పడేసి తోలుముక్క కోసం తడిమాడు. అది మోకాలి కింద ఉంది, చేతికి తెలియలేదు. ఆగితే అంచు దక్కదు. బొటనవేలితోనే అదిమాడు.

"ఏదో కాలుతోంది" అన్నాడు పెయింటరు, నవ్వు ఆపి. అది ప్లాస్టిక్ వాసన కాదు.

ఆయన ఇంకా అదుముతూనే ఉన్నాడు.

మేనేజరు చెయ్యి పట్టి లాగాడు. వేలి తోలు కొంత అంచుకే ఉండిపోయింది.

"వేళ్ళు చచ్చాయని అక్క నాకెప్పుడో చెప్పింది, తేలిక పని మీద పెట్టమని. నువ్వే నోరు తెరిచి ఒప్పుకుంటావేమోనని చూశాను. ఇక వెళ్ళు బావా."

ఆయన వేలికి గుడ్డ చుట్టుకున్నాడు. నొప్పి లేదు. హీట్ గన్ వైరు చుట్టి మేకుకి తగిలించాడు. గుమ్మం దగ్గర అలవాటుగా మిషను ముందు ఆగి వేలెత్తాడు. గుడ్డ చూసుకుని దించేసి, వెళ్ళిపోయాడు.

కొత్త అంచు బిగించడానికి నిజంగానే పది నిమిషాలు పట్టింది.

పాతది పనికిరాని సామాను కుప్ప మీద పడి ఉంది. దాని మధ్యలో బొటనవేలంత గుంట, నల్లగా, నున్నగా, ఒక్క గీతైనా లేకుండా.