నీళ్లకు సున్నా

రెండు వేల ఒకటి. ఎండలు ముదిరిన నెల. తమిళనాడులోని కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గర మేనేజరు రాజగోపాలన్ కాగితం చదువుతున్నాడు. ఒక కుటుంబం బతకడానికి నెలకెంత కావాలో యజమానుల సంఘం ఇల్లిల్లూ అడిగి లెక్క కట్టించిందట. ఇప్పుడిచ్చే కూలి దానికి సరిపోతుందట, పెంచక్కర్లేదట.

"బియ్యానికింత, కిరసనాయిలుకింత, నీళ్లకు సున్నా."

"సున్నానా?" మారీశ్వరి గట్టిగా అరిచింది. "కుడం నీళ్లు రెండు రూపాయలకు కొంటుండాము గదా! ఏ గుడ్డోడు రాసినాడు?"

చట్రాల్లో పుల్లలు అమర్చే ఆడవాళ్లంతా తిట్లకు దిగారు. బొమ్మక్క ఒక్కతే తల దించుకుంది.

లెక్క రాసుకోవడానికి సంఘం పంపిన గుమస్తా వాళ్ల వీధిలో ఎక్కిన గడప ఆమెదొక్కటే. చెమటలు కక్కుతూ వచ్చాడు. చెంబుతో నీళ్లిచ్చింది. గుటక వేస్తూనే నీళ్లకెంత ఖర్చని అడిగాడు. తాగుతున్న మనిషికి ఆ నీళ్ల ధర చెప్పడమా? వాళ్ల ఇళ్లలో అంతకన్నా అవమానం లేదు. "నీళ్లకు దుడ్డెవరిస్తారు సామీ, తాగండి" అంది. ఆ పాడు మర్యాద మూడు వందల మంది పొట్ట కొట్టింది.

మధ్యాహ్నం తిండి వేళ బొమ్మక్క లేచి నిలబడింది.

"ఆ సున్నా నేను చెప్పిందే. నన్ను ఏమన్నా అనండి."

"నీ పెద్దరికానికి మా పిలకాయలు మాడాలనా అక్కా?" మారీశ్వరి మీదికొచ్చింది.

ముసలి తాయమ్మాళ్ చెయ్యి అడ్డం పెట్టింది. "నన్ను అడిగుంటే నేనూ అదే చెప్పుందును. నువ్వు చెప్పుందువా నిజం? ఇంట్లో లేనిదంతా దాస్తిమి. యజమానులకు అదే వాటమాయె."

మారీశ్వరి వెనక్కి జరిగి కూర్చుంది.

మర్నాడు ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. పదింటికి పోలీసు వ్యాను వచ్చింది. "అందరినీ రెచ్చగొట్టింది ఈమే" అని రాజగోపాలన్ బొమ్మక్కను చూపించాడు. ఆమె ఈ శిక్ష తనకు తగినదే అనుకుంటూ వ్యాను ఎక్కింది.

అప్పుడు వినిపించింది వెనక నుంచి మారీశ్వరి గొంతు.

"ఓ మేనేజరూ! మా ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలుగుతాది. రాసుకో!"

"నా కంటికి మందు నిలిపి ఏడాదాయె. రాసుకో!" తాయమ్మాళ్.

పొరుగింటికి కూడా తెలియనివ్వని సంగతులు నడివీధిలో ఒక్కొక్కటే కేకలై లేచాయి. బొమ్మక్క కళ్లు తుడుచుకుంది. చేసిన తప్పు తప్పే, అది ఎక్కడికీ పోలేదు. అయినా గుండె కాస్త నిబ్బరించుకుంది.

"ఇందులో రాయడానికి చోటు లేదు, పొండి!" కాగితం ఊపుతూ కసిరాడు రాజగోపాలన్.

మారీశ్వరి గేటుకు అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన తాయమ్మాళ్, ఆ వెనక మూడు వందల మంది.

"వేరే కాగితం తెప్పించు. మేము ఈడనే ఉంటాము."