మూడు సైలెన్సర్లలో పొడుగుది

గుర్రం కోసం మగవాడు అంతలా ఏడవగలడని నేను కువైట్ ఎడారిలో, కబ్ద్‌లోనే చూశాను. నాకు వీసా ఇచ్చి తన తోటలో వంటకు పెట్టుకున్న కువైటీ, నా కఫీల్, ఆ రోజు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అతన్ని నేను బాబా అని పిలిచేదాన్ని. ఏడవడం తప్పని అనను. ఆ కన్నీళ్లలో ఒక్క చుక్క మా పెంచల్‌కు మిగిల్చి ఉంటే ఇవాళ ఇలా పళ్లు నూరుకుంటూ చెప్పేదాన్ని కాదు.

పెంచల్ నా తమ్ముడు. రాజంపేట పక్క మా ఊరి నుంచి నా వెనకే వచ్చాడు. బాబా అన్నగారి తోట మా తోటకు పక్కనే, అక్కడ గొర్రెలు కాసేవాడు. ఇరాక్ సైన్యం దిగిన వారంలోపే ఆ అన్నగారు సౌదీకి పారిపోయాడు. గొర్రెల్ని సైనికులు తోలుకుపోయారు. రేకుల గదిలో వాడొక్కడే మిగిలాడు. వాణ్ణి మా తోటకు తెచ్చుకుంటానంటే బాబా ఒప్పుకోలేదు, మనుషులు పెరిగితే సైనికుల కన్ను పడుతుందట. నేను మామా అని పిలిచే బాబా భార్య, పిల్లలు వేసవి సెలవులకు ముందే లండన్ వెళ్లిపోయారు. నా పాస్‌పోర్టూ, అన్నగారు పోతూ ఇచ్చిపోయిన పెంచల్ పాస్‌పోర్టూ మాత్రం బాబా బీరువాలో భద్రంగా ఉన్నాయి. మనవాళ్లంతా బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోతున్నారు, మావి ఇవ్వు బాబా అంటే "బుక్రా" అనేవాడు. రేపు అని. ఆ రేపు ఎంతకీ తెల్లారేది కాదు.

రెండు తోటల మధ్య ఇసుక, రోడ్డు మీద సైనికుల చెక్‌పోస్టు. అందుకని చిన్నప్పుడు సజ్జచేలో పిట్టల్ని తోలేటప్పటి పద్ధతి పెట్టుకున్నాము. ఎక్కడైనా తుపాకీ పేలితే వాడు ఖాళీ నూనెడబ్బా మీద కర్రతో కొట్టేవాడు, ఉన్నావా అని. నేను స్టీలు కంచం మీద గరిటెతో కొట్టేదాన్ని, ఉన్నాను అని.

"కంచం మోగలేదంటే మాత్రం నేను ఆగను అక్కా," అన్నాడొకసారి రొట్టెలకు వచ్చినప్పుడు. "సైన్యం అడ్డమొచ్చినా సరే, వాళ్ల నాయనొచ్చినా సరే, ఉరికొస్తా."

"నీ మొగం. ముందు ఆ రొట్టె తిను," అన్నాను.

సెప్టెంబరులో ఒకరోజు సైనికులు బాబా గుర్రం రీమ్‌ను తోలుకుపోయారు. సరదాగా ఎక్కి ఉరికించి, ముందు కాలు విరగ్గొట్టి, మా గేటు దగ్గర వదిలేసి నవ్వుకుంటూ పోయారు. మధ్యాహ్నమంతా అది అరిచింది. ఆ అరుపు పగవాడికి కూడా వినిపించకూడదు. అన్నం దింపి చెవులు మూసుకున్నాను.

సాయంత్రం బాబా కొట్టంలో గడ్డి కింద దాచిన పెట్టె తీశాడు. ఉరికి కొట్టం తలుపు మూశాను. ఇంట్లో తుపాకీ దొరికితే గోడకు నిలబెట్టి కాల్చేస్తామని చాటింపు వేశారు మరి. పెట్టెలో రెండు వేట తుపాకులు, మూడు నల్ల గొట్టాలు. తుపాకీ మూతికి బిగించే సైలెన్సర్లు. చలికాలం బాబా వేటకు పోయేటప్పుడు వాటిని బండికెత్తింది నేనే, పేలగా మాత్రం ఎప్పుడూ వినలేదు. అవి బిగిస్తే సినిమాలో లాగా టుప్ అంటుందని, గోడ అవతలికి కూడా వినపడదని నా నమ్మకం.

బాబా మూడింటినీ దుప్పటి మీద పరిచి, పెళ్లికి నగలు చూసినట్టు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు. సన్నది చిన్న తుపాకీది. అది బిగిస్తే చప్పుడు నిజంగానే రాదట. కానీ గుండు చిన్నది. "చెయ్యి వణికితే ఒక్కదానితో పోదు. రెండోది కాల్చాలి. అంతసేపు అది బాధపడుతుంది," అన్నాడు.

"బాధపడనీ బాబా. మధ్యాహ్నం నుంచి పడుతూనే ఉంది కదా. చప్పుడు రాకపోవడమే ముఖ్యం," అన్నాను వచ్చీరాని అరబ్బీలో.

నా వైపు కసాయిదాన్ని చూసినట్టు చూశాడు. మిగతా రెండూ పెద్ద తుపాకీవి. పొట్టిదైతే చప్పుడు ఎక్కడిదో ఇట్టే పసిగడతారట. పొడుగుదాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"దీనితో చప్పుడు వస్తుంది, గుండు గాలిని చీల్చే చప్పుడు. కానీ ఏ వైపు నుంచో ఎవరికీ తెలియదు."

"చప్పుడొస్తుందా? ఏ వైపో తెలియకపోతే వాళ్లు ఎవర్ని పట్టుకుంటారు?"

"ఎవర్నీ పట్టుకోరు. ఎడారి పెద్దది."

"ఉండు, పెంచల్‌కు చెప్పొస్తాను."

"నువ్వు పోవడం వాళ్లు చూస్తారు. ఖలాస్, ఇక మాటల్లేవు," అని పొడుగుదాన్ని బిగించేశాడు.

రీమ్ నుదుటి మీద ముద్దు పెట్టి, ఏడుస్తూనే కాల్చాడు. చెళ్లుమని ఆకాశం అంతా చిరిగినట్టు మోగింది. గుర్రం ఒక్కసారిగా నేలకొరిగింది. దానికి ఏ బాధా తెలియలేదు, ఆ మాట నిజం.

వెంటనే అవతల నుంచి డబ్బా మోగింది. డబడబడబ. ఉన్నావా అక్కా?

కంచం అందుకున్నాను. బాబా నా చేతిలోంచి గరిటె లాగేశాడు. "ఇప్పుడు మోగిస్తే నేరుగా ఇక్కడికే వస్తారు."

"వాడు వస్తాడు బాబా! మోగకపోతే వాడు ఉరికొస్తాడు!"

డబ్బా మళ్లీ మోగింది. ఇంకా గట్టిగా. తుపాకీ ఎక్కడ పేలిందో తెలియక చెక్‌పోస్టులో దిక్కులు చూస్తున్నవాళ్లకు దిక్కు తెలిసిన చప్పుడు అదొక్కటే. బాబా చేయి కొరికి గరిటె లాక్కున్నాను. పిచ్చిదానిలా కంచం బాదాను. అప్పటికే డబ్బా ఆగిపోయింది. గోడెక్కి చూస్తే నా తమ్ముడు లుంగీ ఎగ్గట్టి ఇసుకలో మా వైపే పరిగెత్తుతున్నాడు, వెనక జీపు. "అక్కా!" అన్న కేక విన్నాను. వాణ్ణి ఎత్తి జీపులో పడేశారు.

పెట్టెలో మిగిలిన రెండు గొట్టాలూ కొంగులో కట్టుకుని చెక్‌పోస్టుకు పరిగెత్తాను. తుపాకీ మాది, మా తోటలోదే, ఇవిగో దాని గొట్టాలు, వాడికేమీ తెలియదు అని కాళ్లు పట్టుకున్నాను. ఒక సైనికుడు గొట్టంలోంచి ఎండను చూసి నవ్వాడు. ఆఫీసరు మాత్రం నా వెంట వచ్చాడు.

తోటలో బాబా లేడు. పికప్పు లేదు, తుపాకులు లేవు, పొడుగు సైలెన్సర్ లేదు. రీమ్ మీద అతను భుజాల మీద వేసుకునే ఉన్ని అబా కప్పి ఉంది, ఈగలు వాలకుండా. వంటగదిలో నా కంచంలో రెండు పాస్‌పోర్టులు.

"గుర్రాన్ని కాల్చింది నీ తమ్ముడే కావచ్చు. తుపాకీ తెచ్చివ్వు, వాణ్ణి తీసుకుపో," అన్నాడు ఆఫీసరు.

యాడ నుంచి తెచ్చేది నాయనా, యాడ నుంచి? వాణ్ణి ఏ జైలుకు తీసుకుపోయారో కూడా ఎవరూ చెప్పలేదు. అడిగిన చోటల్లా గెంటేశారు.

చివరికి నేనొక్కదాన్నే బస్సెక్కాను. అమ్మాన్‌లో విమానం వరుసలో నిలబడ్డప్పుడు బల్ల దగ్గరి మన ఎంబసీ మనిషి రెండు పాస్‌పోర్టులూ తిప్పి, నా పేరు చదివాడు.

"పోలేరమ్మా, ఈ రెండోది ఎవరిది? ఆయన ఎక్కడ?"

"మా తమ్మునిది," అని అరిచాను. "వస్తాండాడు. ఉరికొస్తాండాడు."

వరుసంతా తిరిగి చూసింది. ఆ అరుపు ఏ వైపు నుంచి వచ్చిందో ఎవరూ వెతుక్కోవలసిన పని లేకపోయింది.