స్టాఫ్‌రూములో కానుగాకులు

మెట్టుగూడలో చెట్టు గీయాలంటే తిరుమల్ తర్వాతే ఎవరైనా. మరి ఆ పేటలో బొమ్మలేస్తానని చెప్పుకు తిరిగేవాడు అతనొక్కడే.

డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగం కోసం వెళ్తే, బడి కరస్పాండెంటు రిచర్డ్ సార్ జేబు క్యాలెండరు ఒకటి చేతికిచ్చి, దాని మీది బొమ్మ పెద్దది చేసి అచ్చం అలాగే వేసుకు రమ్మన్నాడు. పాతకాలపు అమెరికా దృశ్యం. ఏరు, వెనక కొండలు, ఓ పక్కన కాపలా నిలబడ్డట్టు ఎర్రటి ఓకు చెట్టు. వారం తిరక్కుండా తిరుమల్ తెచ్చిచ్చాడు. నెల్లాళ్లు చూసి చెబుతామని దాన్ని స్టాఫ్‌రూములో తగిలించారు.

మూడోనాటి నుంచి బొమ్మలో చెట్టు ఆకులు రాల్చసాగింది. ఆయా కాంతమణి పొద్దున్నే ఊడ్చి పోసేది. ఇదివరకు పనిచేసిన బళ్లో జలపాతం బొమ్మ ఉండేదట, తుడవలేక నడుం పడిపోయిందట. దానికంటే ఆకులే నయమంది.

రిచర్డ్ సారుకు మాత్రం అనుమానం పట్టుకుంది. అమెరికా చెట్టు అక్టోబరులో కదా రాల్చాలి, ఉగాది ముందర రాలుస్తుందేంటి? నాలుగాకులు ఏరి కవరులో దాచి, బోటనీ గ్రేసీ టీచరుకు చూపించాడు. ఓకు ఆకు అంచులు వంకర్లు పోతాయి, ఇవి నున్నగా ఉన్నాయి, కానుగేనని ఆమె తేల్చేసింది.

తిరుమల్‌ను పిలిపించారు. బల్ల మీద కవరులోంచి తీసిన ఆకులు పరిచి ఉన్నాయి.

"ఓకు వెయ్యమంటే కానుగ ఎక్కణ్ణించి వచ్చిందయ్యా?"

"క్యాలెండర్ల చెట్టు బొటనవేలంత లేదు సార్, ఆకులు కనవడలే. మా కిటికీ ముంగట కానుగ ఉంటది, గా చెట్టును చూసి..."

రిచర్డ్ సార్ ఉద్యోగం ఆర్డరు కాగితం తీశాడు. పెన్ను మూత విప్పి, కళ్లజోడు మీదుగా చూస్తూ ఆగాడు.

"ఏదీ, ఇక్కడే ఒక చెట్టు వెయ్యి."

తిరుమల్ వేరే తెల్లకాగితం మీద చెమటలు కక్కుతూ వేశాడు. గ్రేసీ టీచరు కాగితం అటూ ఇటూ తిప్పి, గోబీపువ్వు బాగుందంది. అరగంట కాచుకున్నారు. ఒక్కాకూ రాలలేదు.

"చెట్టు మా అక్క గీసింది సార్, కల్పలత. డ్రాయింగ్ పరీక్ష పాసైంది సుత ఆమెనే. మాస్టరు కావలెనని పేపర్ల వేసిండ్రు గదా, మగోళ్లకే అనుకొని ఇంట్ల జాకెట్లకు మగ్గం పని చేస్తున్నది."

రిచర్డ్ సార్ ఆర్డరు మీద కల్పలత అని రాసి, రేపు పొద్దున అక్కను రమ్మన్నాడు. గోడ మీద కానుగ అప్పటికే చిగుళ్లు తొడుగుతోంది.

తిరుమల్ గుమ్మం దాటబోతుంటే కళ్లజోడు మీదుగా మళ్లీ అదే చూపు.

"మరి ఆ కొండలు?"

"అవి నావే సార్." తిరుమల్ తల గోక్కున్నాడు. "స్కేలు పెట్టి గీసిన."